సిజేరియన్ పిమ్మట సహజ ప్రసవము
ఒక వైద్య సూత్రము యొక్క చరిత్ర

స్విట్జర్లండు దేశములో సీగర్స్‌హౌసెన్ అను పల్లె కలదు. క్రీ. శ. 1500 ప్రాంతమున ఆ పల్లెలో యాకొబ్ నూఫర్ అను నతడు పందులకు విత్తులు తీయు వృత్తితో జీవించుచుండెనట. అతని భార్యకు నొప్పులు ఆరంభమై దినములు గడచినను కాన్పు కాలేదు. పదుముగ్గురు మంత్రసానులు వచ్చి, తమ వల్ల కాదని చేతులెత్తివేసిరి. అంతట నూఫర్ అధికారుల అనుమతి పొంది, తన కత్తితోనే భార్య ఉదరమును కోసి శిశువును వెలికి తీసెను. తల్లియు బిడ్డయు బ్రతికిరి. అంతేకాదు, ఆ తల్లి తరువాత మరి ఐదుగురు బిడ్డలను, కవలలతో సహా, సహజముగనే కనెనని కథ చెప్పును.

ఈ కథ సుమారు 80 సంవత్సరములు గడచిన పిదప గాని గ్రంథస్థము కాలేదు. కావున చరిత్రకారులు దీనిని సందేహించుచున్నారు. తరువాతి కాన్పులు సుఖముగా జరిగినవనుటయే వారి సందేహమునకు ఒక కారణము. బిడ్డ గర్భాశయమునకు వెలుపల, ఉదరకుహరములో పెరిగియుండునేమో యని కొందరి ఊహ. కథ నిజమైనను కాకున్నను అందొక ప్రశ్న ఇమిడియున్నది. ఒకమారు ఉదరము కోసి బిడ్డను తీసిన తల్లి, మరల సహజముగ ప్రసవింప వచ్చునా?

నేటికిని ఈ ప్రశ్న తీరలేదు. మొదటి కాన్పు శస్త్రచికిత్సతో జరిగిన స్త్రీ రెండవమారు గర్భవతి యగును. ఈమారు సహజముగ కనవలెనని ఆమె కోరిక. ఎనిమిదవ నెల వరకు 'చూతము' అనుచు వచ్చిన వైద్యుడు, నెలలు నిండవచ్చుసరికి 'మరల శస్త్రచికిత్సయే శరణ్యము' అనును. అప్పుడామె బరువైన దేహముతో మరియొక వైద్యుని వాకిలి తట్టును. ఒక వైద్యుడు కాదనినది మరియొక వైద్యుడు అవునని ఎట్లనగలడు? ఇద్దరును చదివినది ఒకే శాస్త్రము గదా! దీనికి సమాధానము చరిత్రలో దొరకును.

పేరు వెనుక కథ

రోమక సేనాని జూలియస్ సీజరు ఈ విధముగ పుట్టినందువలననే ఈ శస్త్రచికిత్సకు సిజేరియన్ అను పేరు వచ్చెనని తరచు వినబడును. ఇది నిజము కాజాలదు. సీజరు పెద్దవాడై దండయాత్రలు చేయు కాలమునకును అతని తల్లి ఔరేలియా జీవించియే యుండెను. ఆ కాలమున ఉదరము కోయబడిన తల్లి బ్రతికి బట్టకట్టుట అసంభవము. నిండుగర్భిణి మరణించినచో శిశువును కోసి తీయనిదే ఆమెను పూడ్చరాదని ప్రాచీన రోములో ఒక శాసనముండెను. మన సుశ్రుత సంహితలోను ఇట్టి విధియే కనబడును. లాటిన్ భాషలో 'కోయుట' అను అర్థము గల ధాతువునుండి ఈ పేరు పుట్టియుండునని పలువురి అభిప్రాయము.

అనగా, ఆది కాలమున ఈ శస్త్రచికిత్స మరణించిన తల్లికి చేయునది. 'తరువాతి కాన్పు' అను ప్రశ్నయే అప్పుడు లేదు.

కుట్టు లేని కోత

1581వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఫ్రాన్స్వా రూసే ఈ చికిత్సను బ్రతికియున్న తల్లులకును చేయవచ్చునని వాదించుచు ఒక గ్రంథము వ్రాసెను. కాని గర్భాశయమును కుట్టనక్కర లేదనియు, ఆ కండరము తనంతట తానే ముడుచుకొని గాయమును మూసివేయుననియు అతడు తలచెను. ఈ భావము సుమారు మూడు శతాబ్దుల కాలము నిలిచెను. వైద్యులు పైచర్మమును కుట్టుచుండిరే గాని, లోపలి గర్భాశయమును తెరచియే వదలుచుండిరి. ఆ గాయమునుండి రక్తము ఉదరములోనికి స్రవించును. సూక్ష్మజీవులు చేరి చీము పుట్టును. ఫలితము ఊహింప వచ్చును. 1865 నాటికి బ్రిటన్, ఐర్లండు దేశములలో ఈ చికిత్స పొందిన తల్లులలో నూటికి 85 మంది మరణించుచుండిరి. 1787 నుండి 1876 వరకు పారిస్ నగరములో ఈ చికిత్స పొందిన ఒక్క తల్లియు బ్రతుకలేదని చరిత్రకారులు వ్రాయుదురు.

19వ శతాబ్దిలో రెండు అడ్డంకులు తొలగెను. 1846లో బోస్టన్ నగరమున ఈథరు మత్తుమందు ప్రయోగింపబడెను. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో సింప్సన్ ప్రసవ వేళ క్లోరోఫారమును వాడెను. 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించెను. నొప్పి తగ్గెను, చీము తగ్గెను. కాని రక్తస్రావము మిగిలియే యుండెను.

1876 మే 21వ తేదీన ఇటలీలోని పావియా నగరములో ఎడ్వార్డో పోరో అను ఆచార్యుడు దీనికొక కఠినమైన ఉపాయము చేసెను. మరుగుజ్జుతనము వలన కటి ఎముకలు ఇరుకైన 25 ఏండ్ల స్త్రీకి బిడ్డను తీసిన వెంటనే ఆమె గర్భాశయమును కూడ తొలగించెను. గాయపడు అవయవమే లేనందున రక్తస్రావము ఆగెను. తల్లి బ్రతికెను. కాని ఆమెకు మరల గర్భము వచ్చు అవకాశమే లేకపోయెను. తల్లి ప్రాణమునకు మూల్యము ఆమె తరువాతి సంతానము.

సేంగర్ కుట్లు

ఈ మూల్యమును తప్పించినవారు ఇద్దరు జర్మన్ వైద్యులు. 1881 సెప్టెంబరు 25న హైడెల్‌బర్గు సమీపమున మెకెస్‌హైమ్ అను గ్రామములో ఫెర్డినాండ్ కేరర్, గర్భాశయపు క్రింది భాగమున అడ్డముగా కోసి, దానిని కుట్టెను. మరుసటి సంవత్సరము లైప్‌జిగ్ నగరములో మాక్స్ సేంగర్ గర్భాశయమును పొరలు పొరలుగా, వెండి తీగతోను పట్టుదారముతోను కుట్టు పద్ధతిని ప్రకటించెను. అతడు కోసినది పై భాగమున, నిలువుగా. కేరర్ పద్ధతి ఎక్కువ మందికి తెలియకపోయెను. సేంగర్ పద్ధతి లోకమంతట వ్యాపించి 'క్లాసికల్ సిజేరియన్' అను పేరు పొందెను.

తల్లులు బ్రతుకసాగిరి. బ్రతికిన తల్లులు మరల గర్భవతులగుచుండిరి. అప్పుడు వైద్యశాస్త్రమునకు మునుపు లేని ఒక క్రొత్త సమస్య ఎదురయ్యెను. కుట్లుపడిన గర్భాశయము రెండవ కాన్పు నొప్పులకు తట్టుకొనునా?

గర్భాశయపు పై భాగము దళమైన కండరము. నొప్పులప్పుడు బిగిసి బిడ్డను క్రిందికి నెట్టునది అదియే. ప్రసవమైన పిమ్మట అది విడచి విడచి ముడుచుకొనుచు చిన్నదగును. అందుచేత అక్కడి కుట్లు వదులగును, గాయపు అంచులు కదలును, మచ్చ గట్టిపడదు. మరల గర్భము వచ్చి, నొప్పుల ఒత్తిడి ఆ బలహీనమైన మచ్చపై పడినప్పుడు అది చీలవచ్చును. చీలినచో తల్లికి లోపల రక్తస్రావము, బిడ్డకు ప్రాణవాయువు అందకపోవుట, కొద్ది నిమిషములలోనే జరిగిపోవును. నిలువు కోత పడిన పై భాగము చీలు అపాయము నూటికి నాలుగు మొదలు తొమ్మిది వరకు ఉండునని తరువాతి లెక్కలు తెలిపెను.

1916 నాటి మాట

1916 మే నెలలో న్యూయార్కు నగరమున జరిగిన వైద్యుల సభలో ఎడ్విన్ క్రేగిన్ అను ఆచార్యుడు ప్రసంగించెను. అతడు కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రము బోధించువాడు. ప్రసంగ విషయము ప్రసూతి వైద్యములో సంయమనము. అందులో అతడనిన ఒక మాట అతని పేరుకంటె ఎక్కువ కాలము బ్రతికెను. ఒకమారు సిజేరియన్ అయినచో, ఎల్లప్పుడును సిజేరియనే అనునది ఆ మాట.

ఆ మాట ఎందుకు అనబడెనో గమనింపవలెను. శస్త్రచికిత్స కొంత క్షేమకరము కాగానే, తగినంత కారణము లేకుండగనే కొందరు వైద్యులు కత్తి పట్టసాగిరి. వారిని హెచ్చరించుటయే క్రేగిన్ ఉద్దేశము. మొదటి కోత తొందరపడి చేసినచో ఆ స్త్రీ ప్రతి కాన్పును శస్త్రచికిత్సకు తాకట్టు పెట్టినట్లే యని అతని భావము. ఆ సూత్రమునకు మినహాయింపులు కలవని కూడ అతడే చెప్పెను. సిజేరియన్ పిమ్మట ముగ్గురు బిడ్డలను కష్టము లేకుండ కనిన తన రోగిణి ఒకతెను అతడు ఉదాహరించెను.

అతని కాలపు పరిస్థితులును తెలిసికొనవలెను. నాటి నగరములలో ఎండ చొరని ఇరుకు వీధులలో పెరిగిన బాలికలకు విటమిన్ డి లోపము వలన రికెట్స్ అను వ్యాధి కలుగుచుండెను. ఎముకలు మెత్తబడి కటి వలయము వంకరపోయి ఇరుకగును. సిజేరియనుకు ఆనాడు ముఖ్య కారణము ఇదియే. మొదటి బిడ్డకు చాలని దారి రెండవ బిడ్డకును చాలదు గదా! పైగా నాడు కోయునది సేంగర్ పద్ధతి ననుసరించి, నిలువుగా, దళమైన కండరముపైన. రక్తము నెక్కించు సౌకర్యము ప్రాథమిక దశలో నుండెను. సూక్ష్మజీవులను చంపు మందులు లేవు. ఆ పరిస్థితులలో క్రేగిన్ మాట సమంజసమే.

కాని మాట నిలిచి, సందర్భము మరుగున పడెను. హెచ్చరికగా పుట్టిన వాక్యము ఆజ్ఞగా మారెను. అనవసరముగ కోయవద్దని చెప్పిన మాట, మరల మరల కోయుటకే ఆధారమయ్యెను. శాస్త్ర చరిత్రలో ఇంతటి విపరీతము అరుదు.

కోత చోటు మారెను

ఇంతలో కోత తీరే మారిపోయెను. 1912లో జర్మనీలో క్రోనిగ్, గర్భాశయపు క్రింది భాగమున కోయుటలోని లాభములను వివరించెను. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున మన్రో కెర్ అను ఆచార్యుడు ఆ క్రింది భాగముననే అడ్డముగా కోయు పద్ధతిని అవలంబించి, 1920 తరువాతి సంవత్సరములలో దానికై గట్టిగా ప్రచారము చేసెను. 40 ఏండ్ల క్రితము కేరర్ చేసి చూపినది ఇప్పుడు గాని లోకమునకు పట్టలేదు.

అడ్డకోతలోని లాభము సులభముగ బోధపడును. క్రింది భాగము గర్భము ముదిరిన కొలది సాగి పలుచనగును. అది నొప్పులలో చురుకుగ బిగియునది కాదు, సాగి దారి ఇచ్చునది. కాన్పు పిమ్మట అచట కదలిక తక్కువ గావున గాయము నిమ్మళముగ అతుకుకొనును. రక్తస్రావము తక్కువ. ఉదరపు పొర దానిపై కప్పబడుటచే చీము ఉదరములోనికి ప్రాకు భయమును తక్కువ. విరిగిన ఎముకకు బద్దలు కట్టి కదలకుండ ఉంచినచో చక్కగ అతుకుకొనునట్లే, కదలని చోటి గాయము గట్టిపడును. ఈ మచ్చ నొప్పులలో చీలు అపాయము వెయ్యింటికి సుమారు ఏడు మాత్రమే.

అందుచేత 20వ శతాబ్ది మధ్యనాటికి బ్రిటన్ మొదలగు ఐరోపా దేశములలో, మొదటి సిజేరియనుకు కారణము రెండవమారు లేనప్పుడు, తల్లిని నొప్పులు పడనిచ్చి జాగ్రత్తగ కనిపెట్టి చూచుట వాడుకలోనికి వచ్చెను. అమెరికాలో మాత్రము కోత మారినను సూత్రము మారలేదు. అక్కడ 1970లో నూటికి 5.5గా నున్న సిజేరియన్లు 1988 నాటికి 24.7కు పెరిగెను. మొదటిమారు కోసిన ప్రతి తల్లిని రెండవమారు కోయుటయు ఈ పెరుగుదలకు ఒక పెద్ద కారణము. 1980లో ఇట్టి తల్లులలో సహజముగ ప్రసవించినవారు నూటికి 3.4 మాత్రమే.

ఊయల ఊగిన లోలకము

1980 సెప్టెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణుల సభ నొకటి సమావేశపరచెను. పాత సూత్రమును గుడ్డిగ పాటింపనక్కర లేదనియు, అడ్డకోత పడిన తల్లులకు తగిన ఆసుపత్రులలో సహజ ప్రసవమునకు అవకాశము ఈయవచ్చుననియు ఆ సభ తేల్చెను. తల్లులును ఊరకుండలేదు. 1982లో న్యూయార్కు రాష్ట్రమున అనవసరపు సిజేరియన్లను నివారించుటకై వారొక సంఘమును స్థాపించిరి. నాన్సీ వైనర్ కోహెన్ అను ఆమె 'సిజేరియన్ పిమ్మట సహజ ప్రసవము' అను అర్థమిచ్చు 'వీబ్యాక్' అను పొడిపేరును వాడుకలోనికి తెచ్చెను. 1996 నాటికి ఇట్టి ప్రసవములు నూటికి 28.3కు చేరెను.

కాని లోలకము ఒక ప్రక్కకు ఎంత దూరము పోవునో, రెండవ ప్రక్కకును అంత దూరము పోవును. ఖర్చు తగ్గునను ఆశతో కొన్ని బీమా సంస్థలు తల్లికి ఇష్టము లేకున్నను సహజ ప్రసవమునకే ప్రయత్నింపవలెనని నిర్బంధించెను. నొప్పులు తెప్పించుటకు తీక్ష్ణమైన మందులు వాడబడెను. గర్భాశయములు చీలిన సంఘటనలు వెలుగులోనికి వచ్చెను. 1996లో కెనడాలోని నోవాస్కోషియాకు చెందిన 6,138 మంది తల్లుల లెక్కలు ప్రకటింపబడెను. సహజ ప్రసవమునకు ప్రయత్నించినవారిలో పెద్ద ఉపద్రవములు నూటికి 1.6, ముందుగనే నిశ్చయించి శస్త్రచికిత్స చేసికొన్నవారిలో 0.8. రెండును స్వల్పములే కాని, ఒకటి రెండవదానికి రెట్టింపు.

2001లో వాషింగ్టన్ రాష్ట్రమునుండి 20,095 మంది తల్లుల లెక్క వచ్చెను. గర్భాశయము చీలుట, నొప్పులు రాకముందే శస్త్రచికిత్స చేసినచో వెయ్యింటికి 1.6; నొప్పులు తామై వచ్చినచో 5.2, ప్రోస్టాగ్లాండిన్లు అను మందులతో తెప్పించినచో 24.5. ఈ మూడు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. అపాయము మచ్చలో మాత్రమే లేదు, ఆ మచ్చపై మనుష్యులు పెట్టు తొందరలోను కలదు.

అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 1990 దశాబ్దము చివర తన మార్గదర్శక సూత్రములలో ఒక్క మాట మార్చెను. శస్త్రవైద్యుడు 'సిద్ధముగ దొరకవలెను' అని యుండగా, 'తక్షణము దొరకవలెను' అని దిద్దెను. వినుటకు చిన్న మార్పే. కాని చిన్న ఊళ్లలోని ఆసుపత్రులకు రాత్రింబవళ్లు శస్త్రవైద్యుని, మత్తువైద్యుని గుమ్మములో నిలుపుట సాధ్యము కాదు. న్యాయస్థానపు దావాల భయము తోడయ్యెను. వందలాది ఆసుపత్రులు ఇట్టి ప్రసవములను అంగీకరింపబోమని ప్రకటించెను. కొలది సంవత్సరములలోనే సహజ ప్రసవములు నూటికి పదికంటె తక్కువకు దిగజారెను.

వైద్యుని మార్చుకొను తల్లులు

నెలలు నిండిన తల్లులు వైద్యులను మార్చుకొనుట ఈ కాలముననే అమెరికాలో విరివిగ కనబడెను. ఇది చాపల్యము కాదు. మొదటి నెలలలో 'ప్రయత్నింతము' అనిన వైద్యుడు చివర బిడ్డ పెద్దదనియో, గడువు దాటుచున్నదనియో, ఆసుపత్రి నియమము ఒప్పుకొనదనియో మాట మార్చుట కలదు. తల్లికి అప్పుడు మిగిలినవి రెండే దారులు. అంగీకరించుట, లేదా ఆ స్థితిలోనే మరియొకరిని వెదకికొనుట. కొందరు గంటల తరబడి ప్రయాణము చేసి పొరుగు నగరములకు పోయిరి. కొందరు ప్రమాదమునకు తెగించి ఇంటివద్దనే కనుటకు పూనుకొనిరి.

1996లో ఫ్లోరిడా రాష్ట్రమున జరిగిన ఒక సంఘటన ఈ సమస్య లోతును చూపును. ఒక తల్లికి మునుపటి కోత నిలువుగ, మామూలుకంటె పొడుగుగ పడియుండెను. సహజ ప్రసవమునకు ఏ వైద్యుడును అంగీకరింపలేదు. ఆమె ఇంటివద్దనే నొప్పులు పడుచుండగా, న్యాయస్థానపు ఆజ్ఞతో అధికారులు ఆమెను ఆసుపత్రికి తరలించిరి. ఆమె అంగీకారము లేకయే శస్త్రచికిత్స జరిగెను. ఆమె దావా వేసెను. 1999లో ఫెడరల్ న్యాయస్థానము ఆసుపత్రి పక్షముననే తీర్పు చెప్పెను. ఆమె తరువాత సహజముగనే బిడ్డలను కనెను. వైద్యుల భయము నిరాధారము కాదు, ఆమె కోత అపాయకరమైనదే. అయినను, అంగీకారము లేకుండ ఒక మనిషి ఉదరమును కోయుటకు రాజ్యమునకు గల అధికారమెంత? ఈ ప్రశ్నకు కత్తెర, కొలబద్ద సమాధానము చెప్పలేవు.

శాస్త్రము చెప్పగలిగినది 2004లో మరికొంత స్పష్టపడెను. అమెరికాలోని పెద్ద ఆసుపత్రులలో సహజ ప్రసవమునకు ప్రయత్నించిన 17,898 మంది తల్లులను, ముందుగనే శస్త్రచికిత్స నిర్ణయించుకొన్న 15,801 మందిని పోల్చి చూచిరి. ప్రయత్నించినవారిలో నూటికి 73 మందికి పైగా సహజముగ కనిరి. 124 మందికి గర్భాశయము చీలెను, అనగా నూటికి 0.7. నెలలు నిండి పుట్టిన బిడ్డలలో 12 మందికి ప్రాణవాయువు చాలక మెదడు దెబ్బతినెను. రెండవ పక్షమున అట్టి బిడ్డ ఒక్కరును లేరు.

అట్లయిన శస్త్రచికిత్సయే మేలుకాదా యని విద్యార్థులు అడుగవచ్చును. తక్కెడలో రెండవ సిబ్బి కూడ కలదు. కోతలు పెరిగిన కొలది, తరువాతి గర్భములలో మాయ పాత మచ్చపై నాటుకొని గర్భాశయపు గోడలోనికి చొచ్చుకొనిపోవు అపాయము పెరుగును. 2006లో ప్రకటింపబడిన 30,132 సిజేరియన్ల పరిశీలనలో, మాయ గర్భాశయ ద్వారమునకు అడ్డుపడిన తల్లులలో ఇట్లు జరుగుట మొదటి శస్త్రచికిత్సలో నూటికి 3, రెండవదానిలో 11, మూడవదానిలో 40 అని తేలెను. అట్టి తల్లికి గర్భాశయమునే తొలగింపవలసి రావచ్చును. పోరో కాలమునకు మరల పోయినట్లే! ఒక్క బిడ్డతో చాలించుకొనదలచిన తల్లికిని, మరి ముగ్గురిని కోరు తల్లికిని లెక్క ఒకటి కాదనుట ఇందుచేతనే.

2010 మార్చిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు మరల నిపుణులను పిలిచెను. ఒకే అడ్డకోత గల తల్లులలో పలువురికి సహజ ప్రసవ ప్రయత్నము సమంజసమైన మార్గమని వారు తేల్చిరి. అదే సంవత్సరము ఆగస్టులో ప్రసూతి వైద్యుల కళాశాల తన సూత్రములను సడలించెను. ఆసుపత్రి నియమమును చూపి తల్లిని బలవంతముగ శస్త్రచికిత్సకు గురిచేయరాదని స్పష్టపరచెను. తాము చేయజాలని వైద్యులు ఆ మాట ముందుగనే చెప్పి, చేయగలవారి వద్దకు పంపవలెనని సూచించెను. ఈ సూచనను అందరును పాటించినచో, తొమ్మిదవ నెలలో వైద్యుని వెదకుకొను అవసరము చాలవరకు తప్పును. 2018 నాటికి అమెరికాలో ఇట్టి ప్రసవములు నూటికి 13.3కు మరల పెరిగెను.

తల్లికి సఫలత ఏపాటి కలదో ముందుగ అంచనా వేయు లెక్క ఒకటి 2007లో తయారయ్యెను. అందులో వయస్సు, బరువు, మునుపటి సహజ కాన్పులతోబాటు తల్లి జాతిని కూడ చేర్చిరి. నల్లజాతి స్త్రీ అయినచో సఫలతా సంఖ్య తగ్గును. ఆ తక్కువ సంఖ్యను చూచి వైద్యుడు నిరుత్సాహపరచుటకు వీలు కలిగెను. విమర్శలు రాగా 2021లో జాతిని తొలగించి లెక్కను తిరుగ వ్రాసిరి. జాతి లేకుండగనే అంచనా చక్కగ పనిచేసెను. అంకెలలోను మనుష్యుల అలవాట్లు దాగియుండుననుటకు ఇదొక నిదర్శనము.

తెలుగునాట

ఈ చరిత్ర తెలుగువారికి దూరమైనది కాదు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము భారతదేశములో సిజేరియన్ కాన్పులు నూటికి 21.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, దేశములోని రాష్ట్రములన్నింటిలో ఇదియే మిన్న. తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 కాగా, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. ఒకే రాష్ట్రపు తల్లుల దేహములు ఆసుపత్రి గుమ్మమును బట్టి మారవు గదా! జనసంఖ్య మొత్తము మీద సిజేరియన్లు నూటికి 10 దాటిన పిదప, వాటి పెరుగుదల వలన తల్లుల, శిశువుల మరణములు తగ్గుచున్నట్లు కనబడలేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. ముహూర్తము చూచి కోత కోయించు ఆచారమును ఇచట కొంత కలదు.

మొదటి కాన్పులు ఇన్ని శస్త్రచికిత్సలతో జరుగుచుండగా, రెండవ కాన్పు నాటికి ఈ ప్రశ్న ఇంటింటి ప్రశ్న యగుచున్నది. మొదటి కోత తొందరపడి చేయరాదని క్రేగిన్ 1916లో చెప్పిన అసలు మాట ఇక్కడ సరిగ వర్తించును. సహజ ప్రసవమును ఓపికతో కనిపెట్టి చూచు మంత్రసానులకు శాస్త్రీయ శిక్షణ నిచ్చు ప్రయత్నము తెలంగాణలో 2017లో ఆరంభమయ్యెను. 2018లో భారత ప్రభుత్వము దేశమంతటికిని మార్గదర్శక సూత్రములు వెలువరించెను.

ఒక చిన్న కాగితము

మునుపటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ఇద్దరు వైద్యులు ఒకే తల్లికి రెండు మాటలు చెప్పుట శాస్త్రము రెండైనందువలన కాదు. ఒకరి ఆసుపత్రిలో అర్ధరాత్రి మత్తువైద్యుడు, రక్తనిధి, శస్త్రచికిత్సా మందిరము సిద్ధముగ నుండును, ఇంకొకరి వద్ద ఉండవు. ఒకరు వెయ్యింటికి ఏడును చూచి భయపడుదురు, ఇంకొకరు మిగిలిన 993ను చూచి ధైర్యపడుదురు. ఏ వైద్యుడైనను 'నా వద్ద ఆ సౌకర్యము లేదు' అని మూడవ నెలలోనే చెప్పినచో అది నిజాయితీ. అదే మాట తొమ్మిదవ నెలలో చెప్పినచో తల్లికి అది ఆపద.

క్రొత్త వైద్యుని వద్దకు పోవు తల్లి తనతో తీసికొని పోవలసినది ఒకటి కలదు. మునుపటి శస్త్రచికిత్స వివరముల కాగితము. చర్మముపై కనబడు మచ్చ అడ్డముగ నున్నంత మాత్రమున గర్భాశయముపై కోత అడ్డముగనే పడెనని చెప్పుటకు వీలు లేదు. పై మచ్చ వేరు, లోపలి మచ్చ వేరు. లోపలి కోత నిలువా, అడ్డమా? శస్త్రచికిత్స చేయుటకు కారణమేమి? కాన్పునకు, ఈ గర్భమునకు మధ్య వ్యవధి ఎంత? ఈ మూడు సంగతులు తెలియనిదే ఎంతటి నిపుణుడైనను సరియైన సలహా ఈయలేడు. చాలమంది ఇండ్లలో ఈ కాగితము బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికే కనబడకుండ పోవును.

సేంగర్ వెండి తీగ, కెర్ అడ్డకోత, వేలాది తల్లుల లెక్కలు, ఇవన్నియు చివరకు వచ్చి నిలుచునది ఆ కాగితముపై వ్రాయబడిన ఒక్క పంక్తిలో. ఆసుపత్రి విడచునాడే ఆ పంక్తిని అడిగి వ్రాయించుకొని, బిడ్డ జన్మపత్రముతోబాటు భద్రపరచుకొన్న తల్లికి, రెండవమారు ఏ వైద్యుని వాకిలికి పోయినను, చేతిలో ఒక దీపమున్నట్లే.